తొమ్మిది రోజులు మూసిన కిటికీలు

పన్నెండింటికి వస్తామన్నారు. పావు తక్కువ పన్నెండయింది. బయట పొగమంచు చూస్తుంటే ఒంటిగంటకైనా వస్తారన్న నమ్మకం లేదు. రాకపోతే బాగుండునన్న కోరిక ఒకటి ఎల్వీరాకు లోపల ఎక్కడో కదులుతూనే ఉంది, దాని మొహం చూడకుండా ఆమె పళ్ళేలు సర్దింది, అతిథులకు పది, తన దగ్గర చదువుకున్న ఎర్మెస్‌కు ఒకటి, తనకొకటి, పళ్ళేనికొక తెల్ల పింగాణీ గిన్నె, ఈ పో నది ఒడ్డు ఊళ్ళలో వైన్ గాజు గ్లాసుల్లో పోయరు. వెన్న ఉంది, రొట్టె ఉంది, ఫోర్తానా వైన్ సీసాలు ఆరు చల్లటి నేల మీద గోడవారగా నిలబడి ఉన్నాయి. బల్ల మధ్యలో చెక్క పీట మీద, తెల్ల వైన్‌లో తడిపిన నారగుడ్డ చుట్టుకుని, ఆ ఒక్కటి ఉంది. ముడుచుకు పడుకున్న పిల్లి అంత ఉంది. ఈ నేలమాళిగ పైకప్పుకు వందకు పైగా కొక్కేలున్నాయి, ఒకప్పుడు తల వంచకుండా నడవడం కుదిరేది కాదు, ఇప్పుడు ఒక మూల ఎర్మెస్ వేలాడదీసుకున్న పదహారు తప్ప తక్కినవన్నీ ఖాళీ. గుడ్డలో ఉన్నది చెల్లెలు నీవెస్ కట్టిన చివరి కులతెల్లో. పంది వెనక తొడలో ఎముక తీసిన మెత్తటి కండ, దానికి ఉప్పు పట్టించి, మూత్రాశయపు పొరలో దూర్చి, దారం బిగించి నీవెస్ తన చేతులతో కట్టింది. ఇరవైరెండు నెలలు వేలాడింది. లోపల బాగుందో కుళ్ళిందో ఇంకా ఎవరికీ తెలియదు. కుళ్ళి ఉంటే కుళ్ళబెట్టింది తనే. ఆ సంగతి మాత్రం ఎల్వీరాకు ఒక్కదానికే తెలుసు.

ఏటివైపు కిటికీలు రెండూ తీసే ఉన్నాయి. పొగమంచు తొందరేమీ లేకుండా లోపలికి వచ్చి దీపం చుట్టూ తెల్లగా నిలబడింది. నీవెస్ ఉంటే సంతోషించేది. పొద్దున్నే లేచి, కాఫీ కూడా తాగకుండా, నాన్న రబ్బరు బూట్లు తొడుక్కుని ఇంటి వెనక్కి వెళ్ళి, కరకట్ట వైపు మొహం పెట్టి నిలబడేది. కనుబొమల మీద తడి చేరితే కిటికీలు తీయాలి, చేరకపోతే మూయాలి, ఆమె దగ్గరున్న శాస్త్రమంతా అదే. ఈ తడిగాలి తగలకపోతే కండ ఎండి చెక్కవుతుంది, మరీ మూసిపెడితే గాలి మురిగి లోలోపల పాడవుతుంది, రెండింటి మధ్య ఏ పూట ఏది అన్నది పుస్తకాల్లో ఉండదు. ఎల్వీరా ఒకసారి పార్మా పట్నం వెళ్ళి తేమ కొలిచే యంత్రం కొని తెచ్చి గోడకు తగిలించింది. "పంతులమ్మా, దానికి మార్కులు నువ్వే వేసుకో," అంది నీవెస్, మర్నాటి నుంచి దానికి టోపీ తగిలించడం మొదలుపెట్టింది. సొంత అక్కను పంతులమ్మా అనే పిలిచేది, ఊరంతా అలా పిలుస్తుంటే తనకెందుకు వేరే పిలుపు అన్నట్టు. అక్కా అన్నది బతుకు మొత్తంలో నాలుగైదు సార్లే, జ్వరం వచ్చినప్పుడు, అమ్మ పోయినప్పుడు, ఆ చివరి రోజు గిన్నెలు కడుగుతూ కడుగుతూ, "అక్కా, ఈ చెయ్యేంటో చల్లబడిపోతోంది," అన్నప్పుడు. ఎల్వీరా చదువుతున్న పేపరు మీంచి తల ఎత్తకుండా, "నీళ్ళు వేడి చేసుకోవచ్చుగా," అంది. తర్వాత గిన్నె నేల మీద పడిన చప్పుడు. గిన్నె పగలలేదు, అది ఇప్పటికీ వాడుకలోనే ఉంది, ఈ పన్నెండు గిన్నెల్లో ఏదో ఒకటి అదే, ఏదో ఎల్వీరాకు తెలుసు, దాన్ని చివర పెట్టింది.

అది ఫిబ్రవరి. చావు జరిగిన ఇంట్లో ప్రార్థనలు నడిచే తొమ్మిది రోజులూ కిటికీ చెక్కలు మూసి ఉంచుతారు. నాన్నకు అలాగే చేశారు, అమ్మకు అలాగే చేశారు, కాని అప్పుడు మూసింది నీవెస్, ఏవి మూయాలో ఏవి మూయకూడదో ఆమెకు తెలుసు. ఈసారి ఎల్వీరా సమాధుల దగ్గర్నుంచి తిరిగి వచ్చి, నల్లకోటు విప్పకుండానే, వంటింటి కిటికీతో మొదలుపెట్టి ఒక్కొక్కటే మూసుకుంటూ పోయింది, కింద గదులు, మెట్ల దగ్గర చిన్నది, పైన తన గది, పైన చెల్లెలి గది, ఆ గది కిటికీ చెక్క ఒకటి వంగిపోయి పడదు, దాన్ని మోచేత్తో నొక్కి పట్టి గడియ పెట్టింది, ఆ తర్వాత కిందికి దిగి, ఇంటి వెనక్కి తిరిగి వెళ్ళి, నేలమాళిగ కిటికీలు కూడా బయటినుంచి మూసి ఇనుప గడియలు వేసింది. ముప్ఫైఎనిమిదేళ్ళు బడి తలుపులు మూసి తాళం లాగి చూసిన చెయ్యి, ఒక్కటీ వదిలిపెట్టలేదు. లోపల పన్నెండు కులతెల్లోలు, కట్టి నెల కూడా నిండనివి, ఇంకా పచ్చివి. ఆ తొమ్మిది రోజులూ ఆమె ఇంటి వెనక్కి వెళ్ళలేదు. బయట ఎండ కాసిందో మంచు కురిసిందో తెలియదు, అన్ని గదుల్లోనూ ఒకే చీకటి, ఎవరో సూపు తెచ్చి పెట్టేవారు, ఎవరో జపమాల తిప్పుతూ పక్కన కూర్చునేవారు. పదో రోజు పొద్దున చెక్కలు తీసుకుంటూ తీసుకుంటూ వెనక్కి వచ్చి, ఆ గడియ మీద చెయ్యి వేసిన తర్వాత అర్థమైంది, తనేం చేసిందో. గడియ తీయడానికి ఎంతసేపు పట్టిందో గుర్తులేదు. ఇనుము తడిగా, చల్లగా ఉండటం గుర్తుంది.

ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు. ఆ ఏడాది నవంబరులో ఎర్మెస్ వచ్చి ఒక్కోదాన్నీ సూదితో పొడిచి చూశాడు. గుర్రం కాలి ఎముక చెక్కి చేసిన సూది అది, కండలో గుచ్చి తీస్తే లోపలి వాసనను ఒక్క క్షణం పట్టి ఉంచి వదిలేస్తుంది, ఆ క్షణంలోనే ముక్కు పని చెయ్యాలి. వాటిలో మూడింటి దగ్గర అతని మొహం మారింది. "ఇవి పోయాయి పంతులమ్మగారూ," అని దింపి గోనెలో వేసుకున్నాడు, ఇంకొక్క మాట అనలేదు. అనకపోవడం ఆమెకు దయలాగా తోచింది, దయ చూపించాడు కాబట్టి తప్పు తనదేనని ఖాయమైంది. ఎనిమిదింటిని వాళ్ళూ వీళ్ళూ తీసుకెళ్ళారు. పన్నెండోదాన్ని మాత్రం ఆమె పొడవనివ్వలేదు. దాని దారానికి ఒక అట్టముక్క కట్టి ఉంది. మీద నీవెస్ అక్షరాలు, చిన్నప్పటి నుంచీ ఎంత దిద్దబెట్టినా నిటారుగా నిలబడనివి, గాలికి వాలిన గోధుమ చేనులా అన్నీ ఒకే పక్కకి: ట్రాముల వాళ్ళకి, రెండు చలికాలాలు అయ్యాక.

ట్రాముల వాళ్ళంటే ట్యూరిన్‌లో ట్రాములు నడిపి రిటైరైన వాళ్ళు. ఏడాదికోసారి భార్యలతో కలిసి చిన్న బస్సు మాట్లాడుకుని ఊళ్ళు చూడటానికి బయల్దేరతారు, ఆ జనవరిలో ఇటు వచ్చారు, ఫొంతనెల్లాతో కోట చూడాలి, జున్ను చేసే చోటు చూడాలి, ఏటి ఒడ్డున అన్నం తిని చీకటి పడకముందే వెళ్ళిపోవాలి. దారిలో ఈ ఇంటి ముందు ఆగి, నీవెస్ దారం కట్టడం చూస్తూ నిలబడిపోయారు, కోట సంగతే మర్చిపోయారు. ఆ గంటలో ఎల్వీరా పైన గదిలో తలనొప్పితో పడుకుని ఉంది. కింద నవ్వులు వినిపించాయి. ఏం చెప్పిందో ఏం నవ్విందో, ఆ కట్టినదానికి వాళ్ళ పేరు రాసి ఇచ్చేసింది, రెండు చలికాలాలయ్యాక వచ్చి తినండి అని. నీవెస్ అంతే, మాట ఇవ్వడానికి ముందూ వెనకా చూసుకోదు. పోయిన నెల ఫోను మోగింది. ఒక పెద్దాయన గొంతు, "నీవెస్ గారున్నారా అండీ?" ఎల్వీరా, "లేదండీ," అంది. "పర్లేదు, ట్రాములవాళ్ళు నవంబరు రెండో ఆదివారం పన్నెండింటికి వస్తున్నారని చెప్పండి, ఆవిడకి తెలుసు." ఎల్వీరా, "మంచిది," అంది. మాటలు తూచి వాడే మనిషి, అందులో అబద్ధం ఒక్కటీ లేదు, ఫోను పెట్టేశాక చాలాసేపు ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని కూర్చుంది.

కోయకుండా ఉంచేయొచ్చు. అలా వేలాడనిస్తే ఇంకో ఏడాదికి రాయవుతుంది, రాయి కుళ్ళిందో లేదో ఎవరూ అడగరు. చాలా రోజులు ఆమె ఆ ఆలోచనతోనే గడిపింది. కాని అట్టముక్క మీద మాట ఉంది, అది తనది కాదు. బుధవారం మధ్యాహ్నం రెండింటికి దాన్ని కొక్కెం మీంచి దింపి, గోరువెచ్చటి నీళ్ళలో బ్రష్షుతో బూజు కడిగి, ఒళ్ళో తువ్వాలు పరుచుకుని దారం విప్పడానికి కూర్చుంది. కత్తితో నిలువునా ఒక్క గీత గీస్తే చాలు, అందరూ అలాగే చేస్తారు, నీవెస్ కూడా అలాగే చేసేది. ఎల్వీరా ముడి ముడీ విప్పింది. కండ ఎండి కుంచించుకుపోయాక దారం వదులవుతుంది, ఎంత వదులవుతుందో కట్టేవాళ్ళు ముందే ఊహించి కట్టాలి, నీవెస్ కట్టినది ఇరవైరెండు నెలల తర్వాత కూడా జారలేదు, వేలు దూరేంత మాత్రమే సడలింది. నీవెస్ చివర వేసిన ముడి ఆమెకు మొదట దొరికింది. దాని తర్వాత అడ్డంగా తిరిగిన వరసలు, ఆ తర్వాత పుచ్చకాయ చారల్లా నిలువుగా దిగినవి, ఒకచోట దారం మీద సన్నటి నొక్కు, పళ్ళతో పట్టుకున్న చోటు, మూడో చెయ్యి కావలసి వచ్చినప్పుడు నీవెస్ పళ్ళే వాడేది. ఇద్దరూ పక్కపక్కన డెబ్భైయేళ్ళు బతికారు, చెల్లెలి చేతులు ఏం చేస్తాయో ఎల్వీరా అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. దీపం పెట్టే వేళకి ఆఖరి ముడి, అంటే నీవెస్ మొదటిది, విడింది. పొర ఒలిచి, వైన్‌లో తడిపిన గుడ్డ చుట్టి పెట్టింది. గురువారం గుడ్డ మార్చింది, శుక్రవారం మార్చింది, మార్చిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టింది, వైన్ వాసన తప్ప ఇంకేదీ తెలియకుండా.

మెట్ల మీద బూట్ల చప్పుడు. ఎర్మెస్ దిగి వచ్చాడు, టోపీ మీద, మీసాల మీద నీటి చుక్కలు. పందులు కోసి కండ తీసే పని అతనిది, ఈ చుట్టుపక్కల అయిదారూళ్ళకి అతనే. యాభైఎనిమిదేళ్ళు వచ్చినా ఎల్వీరా ముందు టోపీ తీసి చేత్తో పట్టుకుంటాడు, ఆమె చదువు చెప్పిన మొదటి తరగతిలో అతనిది రెండో బెంచీ.

"రాలేదా పంతులమ్మగారూ మీ చుట్టాలు?"

"ఇంకా లేదు."

"ఎలా వస్తారు. కరకట్ట మీద రోడ్డు ఉందో లేదో కాలు పెట్టి చూసుకుంటూ వచ్చాను నేను. సగం దూరం బండే నన్ను తోసుకొచ్చింది." బల్ల వైపు చూశాడు. "ఇంకా గుడ్డ విప్పలేదా?"

"వాళ్ళని రానీ."

అతను చొక్కా జేబులోంచి ఎముక సూది తీశాడు. "ఒక్క పోటు. ఊరికే. జనం ముందు కోశాక బాగోకపోతే మీ మొహం నేను చూడలేను. నాది ఒకటి బండిలో ఉంది, పద్నాలుగు నెలలది, మార్చి పెట్టేద్దాం, వాళ్ళకేం తెలుసు."

"వద్దు."

"మీకు తెలుస్తుందనా?"

"లోపల పెట్టు, ఎర్మెస్."

పెట్టేశాడు. "పరీక్ష పేపరు ముందే చూపించండి అంటే మాకెప్పుడైనా చూపించారా, లేదుగా. నాదే తప్పు," అని గొణుక్కుంటూ రొట్టె కోయడానికి కూర్చున్నాడు. రొట్టె బాగా కోస్తాడు, కత్తి ఏదైనా అతని చేతిలో నిదానంగా ఉంటుంది. తొమ్మిదేళ్ళప్పుడు 'నా ఆదివారం' అని వ్యాసం రాయమంటే వాళ్ళ నాన్న పంది కోసిన విధం రాశాడు, ఏ కత్తి తర్వాత ఏ కత్తి, పొగ ఎటు పోయింది, వాళ్ళమ్మ మొహం ఎటు తిప్పుకుంది, అన్నీ. మాటలన్నీ తప్పులే, వ్యాసం మాత్రం ఆమె చదివినవాటిలో ఇప్పటికీ గుర్తున్న ఒకే ఒక్కటి. మార్కులు వెయ్యడానికి ఆమెకు రెండు రోజులు పట్టింది. మార్కుల కాగితాలు తిరిగి ఇచ్చే రోజు పిల్లలు కూర్చునే పద్ధతి వేరు, చేతులు బల్ల కింద, చూపు ఆమె చేతిలోని కట్ట మీద, బాగా రాశామని తెలిసినవాళ్ళు కూడా భయపడేవాళ్ళు. ఎవరూ రాకపోతే బాగుండుననుకున్న ఈ గంటలో తన చేతులు ఎక్కడున్నాయని చూసుకుంటే బల్ల కిందే ఉన్నాయి.

పో నది పొంగిన ఏడు కూడా ఇలాగే ఏదీ కనిపించలేదు, అప్పుడు పొగమంచు కాదు, వాన. తనకు ఎనిమిదేళ్ళు, నీవెస్‌కు ఆరు. నీళ్ళు కరకట్ట మీదికి ఎక్కుతున్నాయని గంటలు కొట్టారు. అమ్మ మొదట చేసిన పని పిల్లల్ని పైకి పంపడం, రెండో పని నేలమాళిగలో ఉన్న కులతెల్లోలన్నీ ఒక్కోటీ మోసుకుని పైకి తెచ్చి, పిల్లల మంచం మీద దూలానికి వేలాడదీయడం. వాటి కింద పడుకున్నారు ఇద్దరూ. ఉప్పు వాసన, బూజు వాసన, కింద నీళ్ళు గోడకు తగిలే చప్పుడు. నీవెస్ పైకి చూస్తూ, "వీటికీ ఈత రాదా?" అని అడిగింది. ఎల్వీరా రాదని చెప్పింది, అప్పటికే అన్నిటికీ జవాబు చెప్పే అలవాటు ఉంది ఆమెకు. నీవెస్ లేచి మంచం మీద నిలబడి, చెయ్యి అందిన ఒక్కదాన్ని పట్టుకుని, అలాగే నిలబడి నిద్రపోయింది. ఆ తర్వాత నాలుగేళ్ళకే బడి మానేసి నాన్నతో నేలమాళిగలోకి వెళ్ళిపోయింది. దాని మీద ఎల్వీరాకు చాలా కాలం కోపం ఉండేది, చదువుకుని ఉంటే ఎంత బాగుండేదో అని. ఆ కోపం ఏ ఏడు పోయిందో తెలియదు. పోయిన సంగతి చెల్లెలికి చెప్పిన గుర్తు లేదు.

పైన తలుపు దగ్గర గొంతులు, ఒక్కసారిగా చాలా గొంతులు. పన్నెండు ఇరవై.

వాళ్ళు ఒకరి భుజం ఒకరు పట్టుకుని మెట్లు దిగారు. ముందున్న పెద్దాయన గుల్యేల్మో, ఫోనులో మాట్లాడింది ఆయనే, వెనక ఆయన భార్య పినుచ్చా, నీలం టోపీ పెట్టుకున్న పొట్టి మనిషి.

"ఆలస్యమైంది, క్షమించాలి," అంటున్నాడాయన. "ఊరంతా కనపడకుండా పోయింది."

"ఊరు ఎక్కడికీ పోలేదు, ఈయనే పోయాడు," అంది పినుచ్చా. "నలభై ఏళ్ళు పట్టాల మీద నడిపిన మనిషి, స్టీరింగు ఎటు తిప్పాలో ఏం తెలుస్తుంది. డ్రైవరు పక్కన కూర్చుని తిన్నగా పో, తిన్నగా పో అంటాడు. తిన్నగా పోతే ఎవరిదో కోళ్ళ గూడు."

"కోట చూశారా?" అన్నాడు ఎర్మెస్.

"కోటలో నీళ్ళున్నాయన్నారు, వంతెన ఉందన్నారు. డబ్బులిచ్చి టికెట్టు కొని నా చెప్పులు చూసుకుని వచ్చాను," అన్నాడు వెనకనించి ఇంకొకాయన, అందరూ నవ్వారు. నవ్వు ఆగాక గుల్యేల్మో చుట్టూ చూశాడు, కొక్కేల వైపు, కిటికీల వైపు.

"నీవెస్ గారేరీ?"

ఎల్వీరా ఈ మాట కోసం పొద్దున్నుంచి కాదు, ఒక నెల నుంచి వాక్యం కూర్చుకుంటోంది. కూర్చుకున్నది ఒక్కటీ గుర్తు రాలేదు. "నా చెల్లెలు చనిపోయింది," అంది. "మీరు వచ్చి వెళ్ళిన మరుసటి నెలలోనే. ఫోనులో చెప్పాల్సింది, చెప్పలేకపోయాను."

పినుచ్చా టోపీ తీసేసింది. గుల్యేల్మో మెల్లగా, "మేం వెళ్ళిపోతామమ్మా. ఇలాంటప్పుడు తినడానికి రావడం ఏం బాగుంటుంది," అన్నాడు.

"కూర్చోండి," అంది ఎల్వీరా. "మీ పేరు రాసి పెట్టింది."

కూర్చున్నారు, పది మంది, బడిలోలాగా, చేతులు దగ్గర పెట్టుకుని. ఎర్మెస్ కత్తి అందుకోబోయాడు, ఆమె చెయ్యి చాపింది, అతను ఇచ్చేశాడు. గుడ్డ విప్పింది. వైన్ వాసన. లావుపాటి చోట, సరిగ్గా మధ్యకి, కత్తి ఆనించి బరువంతా దాని మీద వేసింది, అది మెల్లగా దిగింది, వెన్నలో దిగినట్టు కాదు, కొంచెం పట్టు పట్టి, కొంచెం వదిలి. రెండు ముక్కలూ విడిపోయి పీట మీద అటొకటి ఇటొకటి ఒరిగాయి. లోపల ముదురు ఎరుపు, అంచుకు వచ్చేకొద్దీ గులాబీ, మధ్యలో కొవ్వు తెల్లటి పోగులా. ఆమె వంగి వాసన చూసింది. అక్రోటు కాయ, రొట్టె పెచ్చు, అమ్మ బట్టల బీరువా. వాటి వెనక రావాల్సిన కుళ్ళు వాసన కోసం ఆగింది. రాలేదు. ఎర్మెస్ కూడా వంగి చూసి నిటారుగా నిలబడ్డాడు. ఆమె ఎముక ఉండిన వైపు, ఎప్పుడూ మొదట పాడయ్యే వైపు, ఇంకో కోత కోసి చూసింది. అక్కడా లేదు. బాగుంది. ఆ మాట తనలో తాను అనుకోగానే వచ్చింది ఊరట కాదు. కాసేపటికి గాని తెలియలేదు అదేమిటో. చెడిపోయి ఉంటుందని ఆమె ఎదురుచూసింది. పది మంది ముందు చెడిపోయి కనిపిస్తే, తల వంచుకుని నిలబడితే, అక్కడితో ఒక లెక్క ముగిసేది. ఇరవై నెలలుగా దానికోసమే సిద్ధమవుతూ వచ్చింది, ఇప్పుడు ఆ సిద్ధపడటమంతా చేతిలో ఖాళీ సంచిలా మిగిలింది.

ముక్కలు పల్చగా కోసింది, ఎర్మెస్ వాటిని పళ్ళేల్లో పెడుతూ పోయాడు. ఆ తర్వాత వైన్ పోసుకున్నారు, వెన్న అటూ ఇటూ చేతులు మారింది, పినుచ్చా కళ్ళు మూసుకుని నమిలింది, పక్కన ఒకాయన, "ఇది తిన్నాక మా ఊళ్ళో హ్యామ్ అమ్మేవాడి మొహం ఎలా చూడాలి," అన్నాడు, నెమ్మదిగా గది వెచ్చబడింది. నీవెస్ ఆ రోజు ఏమందో చెప్పుకున్నారు. ఒకాయన కట్టడం ఎంత కష్టమని అడిగితే, ట్రాము నడపడం కంటే తేలిక, ఇది కనీసం గంట కొట్టమనదు అందట. ఎల్వీరా వింటూ నిలబడింది. పైన తలనొప్పితో పడుకుని విన్న నవ్వు అదన్నమాట.

"ఇంత బాగా ఎలా కుదురుతుందమ్మా?" అన్నాడు గుల్యేల్మో. "మీ చెల్లెలు ఏం చేసేవారు ప్రత్యేకంగా?"

"ఆమె చెయ్యాల్సిందంతా చేసింది," అంది ఎల్వీరా. "చెడగొట్టింది నేను. ఆమె పోయిన తొమ్మిది రోజులూ ఈ కిటికీలు మూసేశాను. పచ్చి సరుకు లోపల పెట్టి, మంచు కాలంలో. మూడు నా వల్లే కుళ్ళిపోయాయి. ఇది ఎలా బతికిందో నాకు తెలియదు."

చెప్పేసింది. గొంతు పాఠం చెప్పినట్టే ఉంది. ఎర్మెస్ నోట్లో రొట్టె ఉంది, దాన్ని నమిలి మింగే దాకా ఆగి, "మూయడం మీరే మూశారు," అన్నాడు. "తీసింది నేను."

"ఏమిటి?"

"రోజూ సాయంత్రం కరకట్ట దిగి వచ్చి తీసేవాణ్ణి. తెల్లారకముందే మళ్ళీ మూసేవాణ్ణి. తొమ్మిది రోజులూ. మంచు మంచిగా పడింది ఆ వారం."

"నాకెందుకు చెప్పలేదు?"

"చావింట్లో చెక్కలు తీస్తావురా అంటారని భయం. మీ కళ్ళబడకుండా తీయాలి గానీ, మీ ముందు తీస్తే ఏం బాగుంటుంది." టోపీ చేతుల్లో తిప్పాడు. "తర్వాత మీకు తెలిసే ఉంటుందనుకున్నాను. బూట్ల అచ్చులు ఉన్నాయిగా బురదలో."

"మరి ఆ మూడూ?"

"ఏ మూడు?"

"నువ్వు గోనెలో వేసుకెళ్ళినవి."

"పన్నెండింట్లో మూడు పోవడం మామూలే కదండీ. నీవెస్ ఉన్నప్పుడూ పోయేవి. ఒక ఏడు ఐదు పోయాయి. గప్‌చుప్‌గా నా బండిలో వేసి పంపేసేది. మా పంతులమ్మకి చెప్పకు, కారణాలు రాసుకుంటూ కూర్చుంటుంది అనేది."

బల్ల చివర ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు, పినుచ్చా వాళ్ళని మోచేత్తో పొడిచింది. ఎల్వీరాకు చిన్న కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు, అడగకుండా తన బరువు ఎత్తుకుపోయినందుకు. ఇరవై నెలలు రోజూ పొద్దున కళ్ళు తెరవగానే ఆ గడియ గుర్తొచ్చేది, దాన్ని మోసుకుంటూ లేచేది, దాన్ని మోసుకుంటూ పడుకునేది, ఇంట్లో మాట్లాడటానికి వేరే ఎవరూ లేని మనిషికి అదొక తోడు. ఇప్పుడది లేదు. ఎవరి తప్పూ లేదు. నీవెస్ లేదు, అంతే, ఆ ఒక్కటే మిగిలింది, దానికీ తనకీ మధ్య ఇన్నాళ్ళూ ఏదో ఒకటి అడ్డుండేది, దాన్ని ఇలా ఒంటరిగా ఎదురుగా చూడటం ఇదే మొదటిసారి. పెద్దగా ఉంది. కాని నిశ్చలంగా ఉంది.

"కూర్చోండమ్మా," అంది పినుచ్చా, పక్కన బెంచీ మీద జరిగి చోటు చేస్తూ. "మీరింకా రుచి కూడా చూడలేదు."

ఎల్వీరా కూర్చుంది. ఎవరో ఆమె గిన్నెలో వైన్ పోశారు. రొట్టెకు వెన్న రాసింది, అంచు దాకా, సమంగా. దాని మీద ఒక ముక్క పరిచి కొరికింది. మొదట ఉప్పు, తర్వాత తీపి, ఆ తర్వాత చాలాసేపు ఉండే ఇంకొకటి, దానికి మాట వెతకలేదు. నీవెస్ లేదు. ఎల్వీరా నమిలి మింగి, కత్తి తీసుకుని ఇంకో ముక్క కోసుకుంది.